సైకిలు గొలుసు

కళాశాల వార్షిక సంచికకు వ్యాసం వ్రాయమని కోరినప్పుడు తెలుగు అధ్యాపకుడు ప్రబంధ నాయికను గురించో, శతక కవిని గురించో వ్రాయడం పరిపాటి. మేమూ గడచిన సంవత్సరాలలో ఆ పరిపాటిని పాటించినవారమే. ఈసారి మాత్రం సైకిలు గొలుసును గురించి వ్రాయ సంకల్పించాము. ఇందుకు అలంకారశాస్త్రం నుండే మాకు కొంత అనుమతి లభిస్తున్నది. కారణమాల, ఏకావళి, మాలాదీపకం, సారం అనే అలంకారాలను లాక్షణికులు శృంఖలామూలకాలని ఒక తెగగా చెప్పారు. ముందు వచ్చినదానిని వెనుక వచ్చేది పట్టుకోవడం, దానిని మరొకటి పట్టుకోవడం వాటి స్వభావం. ఈ పాఠం చెప్పేటప్పుడు శృంఖల అంటే ఏమిటని అడిగితే, విద్యార్థులు వెంటనే సంకెల అంటారు. మేము కిటికీలోనుండి సైకిలు స్టాండు వైపు చూపిస్తాము. కాళ్ళను కట్టివేసే గొలుసు ఒకటి, కాళ్ళకు వేగం ఇచ్చే గొలుసు మరొకటి. ఈ వ్యాసం రెండవదానిని గురించి.

మా స్వగ్రామం జొన్నగిరి. మా తాతగారు దూది ఏకేవారు. ఆదోని ప్రాంతపు పత్తి ఆయన వింటినారి క్రింద నురుగులా లేచేదని ఊరి పెద్దలు చెప్పగా విన్నాము. పరుపులు దుకాణాలలో తయారుగా దొరకడం మొదలైన తరువాత ఆ విల్లు అటక ఎక్కింది. మా నాయన పదహారేళ్ళ వయస్సులో గుంతకల్లు వెళ్ళి, ఒక సైకిలు షాపులో పని నేర్చుకుని, తిరిగివచ్చి ఊరిలో బస్సులు ఆగేచోట చిన్న కొట్టు పెట్టుకున్నారు. ఎనిమిది అద్దె సైకిళ్ళు, ఒక గాలిపంపు, పంచరు చూసే నీళ్ళతొట్టి, పానాలు వేలాడదీసిన ఒక చెక్క, ఇదే ఆయన ఆస్తి. అద్దె లెక్కలు సుద్దముక్కతో తలుపు మీద వ్రాసేవారు. మా చదువుకైన ఖర్చంతా ఆ తలుపు మీది లెక్కలలోనుండే వచ్చింది. బడి వదలిన తరువాత మాకు అప్పగించిన పని గొలుసులు కడగడం. పుస్తకాలలో తరువాత చదివినది ఎంత ఉన్నా, ఈ విద్యలో మా తొలి పాఠాలు చేతివ్రేళ్ళకు అంటినవే.

జొన్నగిరి పేరు వినగానే ఎవరికైనా వజ్రాలు స్ఫురిస్తాయి. తొలకరి జల్లులు పడగానే ఎర్రచేలలో తలలు వంచి నేలను చూస్తూ నడిచే జనం కనబడతారు. ఇరుగుపొరుగు ఊళ్ళనుండే గాక దూర ప్రాంతాలనుండి కూడ వచ్చి, చెట్ల క్రింద వంట చేసుకుంటూ వెదకుతారు. అలా వచ్చినవారు కొందరు మా కొట్టులో సైకిలు అద్దెకు తీసుకునేవారు. వజ్రం దొరికినవాడు మన సైకిలు తిరిగి ఇస్తాడా అని మేము అడిగితే, దొరకనివాడు తప్పక ఇస్తాడు, వాళ్ళే ఎక్కువ అని మా నాయన నవ్వేవారు. సాయంకాలం ఆ సైకిళ్ళు తిరిగి వచ్చేసరికి గొలుసుల నిండా ఎర్రమన్ను, అందులో పలుగురాతి సన్నపొడి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రానిది 10వ స్థానం, పలుగురాతిది 7వ స్థానం. మామూలు ఉక్కును గీయడానికి పలుగురాయి చాలు. వజ్రం ఏ ఒక్కరికో దొరుకుతుంది. పలుగురాయి ప్రతి గొలుసుకూ దొరుకుతుంది.

ఇదే జిల్లాలో ఆదోని, ఎమ్మిగనూరు వైపు పోతే నల్లరేగడి ఎదురవుతుంది. దాని స్వభావం వేరు. వాన పడిందంటే చక్రానికి అంటి, మడ్‌గార్డు లోపల నిండి, సైకిలును మనిషే భుజాన వేసుకుని నడిచే పరిస్థితి తెస్తుంది. ఎండిన తరువాత ఇటుకవలె బిగుసుకుంటుంది. ఎర్రమన్ను గొలుసును అరగదీస్తుంది, నల్లమన్ను దానిని పట్టివేస్తుంది. రెండింటి మధ్య బ్రతికే మన ప్రాంతపు సైకిలుకు, తారురోడ్డు మీద తిరిగే పట్టణపు సైకిలు కంటె ఎక్కువ శుశ్రూష అవసరం.

ఈ గొలుసు చరిత్ర కూడ కొంత తెలుసుకోదగినది. మొదటి కాలపు ఎత్తైన సైకిళ్ళకు గొలుసు లేదు. పెడళ్ళు ముందు చక్రానికే బిగించి ఉండేవి. పెడలు ఒకసారి తిరిగితే చక్రం కూడ ఒకసారే తిరుగుతుంది. కనుక వేగం కావాలంటే చక్రాన్ని పెద్దది చేయడం తప్ప మార్గం లేదు. ఆ చక్రం చివరకు మనిషి ఛాతీ ఎత్తుకు పెరిగింది. దానిపై నుండి తలక్రిందులుగా పడి గాయపడినవారు అనేకులు. స్విట్జర్లండులో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్ రోలరు గొలుసును రూపొందించాడు. 1885లో కొవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలులో వెనుక చక్రాన్ని గొలుసు నడిపింది. పెద్ద పళ్ళచక్రం నుండి చిన్న పళ్ళచక్రానికి గొలుసు వేస్తే, చిన్నచక్రాలతోనే వేగం సాధ్యమయింది. సైకిలు మనిషి ఎత్తుకు దిగివచ్చింది. చీర కట్టిన స్త్రీ, బడికి వెళ్ళే పిల్ల, మూట కట్టుకున్న వర్తకుడు ఎక్కగలిగే వాహనంగా దానిని మార్చినది ఈ గొలుసే. ఇప్పటికీ మన సైకిలు గొలుసులో కన్ను నుండి కన్నుకు దూరం సరిగ్గా అర అంగుళం. రోవరు పుట్టి నూరేళ్ళు దాటినా ఆ పోలిక పెద్దగా మారలేదు.

చూడడానికి గొలుసు ఒక వస్తువు. నిజానికి అది ఒక సమాజం. మన సాధారణ సైకిలు గొలుసులో సుమారు 112 కన్నులు ఉంటాయి. ఒక్కొక్క కీలులో ఒక పిన్ను, దానిపై ఒక బుష్షు, ఆ బుష్షుపై తిరిగే ఒక రోలరు, రెండు రేకులు. అన్నీ కలిపి లెక్కిస్తే 560 ముక్కలు. ముందు 48 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉన్న సైకిలును తీసుకుందాము. పెడలు ఒక్కసారి తిరిగితే సైకిలు సుమారు ఆరు మీటర్లు సాగుతుంది. కిలోమీటరు దూరం వెళ్ళేసరికి గొలుసు 70కి పైగా చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులో ప్రతి కీలూ నాలుగుసార్లు వంగి లేస్తుంది: పెద్దచక్రం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, చిన్నచక్రం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. అనగా కిలోమీటరుకు 280కి పైగా వంగడాలు. అరవై కిలోల బరువున్న మనిషి ఎదురెక్కుడులో పెడలుపై నిలబడితే, గొలుసుపై పడే లాగుడు నూరు కిలోలకు దగ్గరగా ఉంటుంది. ఇంత భారాన్ని మోస్తూ ఇన్నిసార్లు వంగే ఆ కీలులో నూనెకు బదులు పలుగురాతి పొడి ఉంటే ఏమవుతుందో ఊహించవచ్చు.

గొలుసు సాగింది అని మనం అంటాము. ఆ మాట వాడుకలో తప్పు లేదు గాని, జరిగేది వేరు. ఉక్కు రేకులు రబ్బరువలె సాగవు. పిన్నుకూ బుష్షుకూ మధ్య రాపిడివల్ల లోపల లోహం అరుగుతుంది. ప్రతి కీలులో చిటికెడు వదులు ఏర్పడుతుంది. ఆ వదులన్నీ కలిసి మొత్తం గొలుసు పొడవును పెంచుతాయి. గొలుసు బయట తళతళలాడుతూనే ఉండవచ్చు. నాశనం లోపల, కంటికి కనబడని చోట జరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే శుభ్రపరచడం, నూనె వేయడం, మార్చడం అనే మూడు పనుల రహస్యమూ తెలిసినట్లే.

ముందుగా శుభ్రపరచడం. వారానికొకసారి పొడిగుడ్డతో గొలుసును పట్టుకుని పెడలును వెనుకకు త్రిప్పితే పైమురికి పోతుంది. రెండు నిమిషాల పని. దీనిని మానకుండా చేసేవారికి పెద్ద కడుగుడు అవసరం తక్కువ పడుతుంది. నెలకొకసారి, వానలో తడిసినప్పుడు, గొలుసు కరకర మన్నప్పుడు మాత్రం విప్పి కడగాలి. మా నాయన పద్ధతి ఇది. క్లిప్పు తీసి గొలుసును విప్పి, పాత డబ్బాలో కిరసనాయిలు పోసి అందులో నానవేయాలి. కిరసనాయిలు దొరకని చోట డీజిలుతోనూ ఈ పని జరుగుతుంది. పెట్రోలు మాత్రం వాడరాదు. అది నిప్పుకు చుట్టం. నానిన తరువాత పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో నాలుగు ప్రక్కలా తోమి, డబ్బాలో గలగల కదిలించి, ఆ నూనె పారపోయకుండ ప్రక్కన పెట్టి, రెండవసారి శుభ్రమైన కిరసనాయిలులో జాడించాలి. ప్రక్కన పెట్టిన మురికినూనె మరునాటికి తేరుకుంటుంది. పైతేటను వంపుకుని మళ్ళీ వాడవచ్చు. అడుగున మిగిలిన బురదను చేలో గాని కాలువలో గాని పోయరాదు.

గొలుసును విప్పకుండ సైకిలు మీదనే కడిగేవారు ఒక జాగ్రత్త వహించాలి. కిరసనాయిలు ఫ్రీవీలు లోపలికి కారితే అందులోని నూనెను కడిగివేస్తుంది. అప్పుడు గొలుసు బాగుపడి, ఫ్రీవీలు పాడవుతుంది. గుడ్డకు తడి చేసుకుని తుడవడమే గాని డబ్బా ఎత్తి పోయడం తగదు. కడిగిన గొలుసును మేకుకు తగిలించి పూర్తిగా ఆరనివ్వాలి. లోపల కిరసనాయిలు మిగిలి ఉండగా నూనె వేస్తే ఆ నూనె పలచనై నిలవదు. బడిపిల్లలమైన మాకు ఈ ఆరబెట్టడం దగ్గరే ఓపిక చాలేది కాదు. మా నాయన తొందరపడనిచ్చేవారు కారు. తడి గొలుసుకు నూనె వేయడం, ఉపవాసం ముగియక ముందే వంట వడ్డించడం ఒకటే అనేవారు.

తరువాత నూనె వేయడం. మన ప్రాంతంలో ఎవరి ఇంట ఏ నూనె ఉంటే ఆ నూనె గొలుసుకు పోయడం ఆచారం. ఆదోని నూనెమిల్లుల పుణ్యమా అని వేరుసెనగ నూనె, ఎర్రచేల పుణ్యమా అని ఆముదం, తలకు రాసుకోగా మిగిలిన కొబ్బరినూనె, అన్నీ గొలుసులపైకి చేరుతాయి. గింజలనూనెలు గాలి తగిలి క్రమంగా చిక్కబడి బంకవలె మారుతాయి. ఆ బంకకు దుమ్ము అంటుకుంటుంది. ఆముదానికి యంత్రాల చరిత్రలో గౌరవస్థానం ఉంది. కాస్ట్రాల్ అనే ప్రసిద్ధమైన పేరు 1909లో ఆముదపు ఆంగ్లనామం నుండే పుట్టింది. అయినా దుమ్ముదారిలో తిరిగే గొలుసుపై ఆముదమూ జిడ్డుగట్టక మానదు. ఇక షాపులలో మోటారు సైకిలునుండి తీసిన కాలిన నూనెను ఉచితంగా పూసే అలవాటు ఒకటి ఉంది. అందులో మసి, లోహపు నలుసులు కలిసి ఉంటాయి. గొలుసును ఏ అరుగుదల నుండి కాపాడాలనుకుంటామో, ఆ అరుగుదలకే అది తోడ్పడుతుంది. కొత్త ఇంజను ఆయిలు చిన్నసీసా ఒకటి కొంటే ఒక సైకిలుకు సంవత్సరాల తరబడి వస్తుంది.

నూనె వేయవలసిన చోటు రోలరు అంచు, రేకుల సందు. ఒక్కొక్క కీలుకు ఒక్కొక్క చుక్క. పెడలును మెల్లగా వెనుకకు త్రిప్పుతూ, క్లిప్పు ఉన్నచోట మొదలుపెట్టి మళ్ళీ క్లిప్పు వచ్చేవరకు వేయాలి. రాత్రి అంతా వదిలివేస్తే నూనె లోపలికి ఇంకుతుంది. తెల్లవారి గుడ్డతో బయట ఉన్న నూనెనంతా తుడిచివేయాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. డబ్బు పెట్టి కొన్న నూనెను తుడిచివేయడమేమిటని వారి సందేహం. బయట నిలిచిన నూనె గొలుసుకు ఏ మేలూ చేయదు. దారిలోని దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. నూనె, పలుగురాతి పొడి కలిసిన ముద్ద సానపట్టే ముద్దే గదా. "నూనె గొలుసుకు తాపాలప్పా, పూయగూడదు" అని మా నాయన మాట. తాపడం, పూయడం అనే ఈ రెండు క్రియల భేదాన్ని మేము నిఘంటువు చూడక ముందే గ్రహించాము. తరగతిలో విద్యార్థి బట్టీపట్టిన పద్యానికీ, అర్థమైన పద్యానికీ గల తేడా చెప్పవలసి వచ్చినప్పుడు మేము ఈ మాటనే వాడుతుంటాము.

మూడవది మార్చడం. ఇందులోనే నమ్మకానికి సంబంధించిన చిక్కు ఉంది. గొలుసు లోపల అరిగిందని చెబితే, బయట తళతళలాడుతున్న గొలుసును చూస్తున్న మనిషి ఎలా నమ్మగలడు? చెప్పేవాడు కొత్త గొలుసు అమ్ముకునేవాడే ఆయె. ఇందుకు మా నాయన వాడిన సాధనం పన్నెండు అంగుళాల ఉక్కు స్కేలు. గొలుసును బిగుతుగా లాగి పట్టి, ఒక పిన్ను మధ్యన సున్న ఉంచాలి. కొత్త గొలుసులో 24 కన్నుల తరువాత వచ్చే పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల గీతపై ఉంటుంది. అది గీతను దాటి అంగుళంలో పదహారవ వంతు ముందుకు పోయిందంటే గొలుసు మార్చే సమయం వచ్చిందని అర్థం. ఎనిమిదవ వంతు పోయిందంటే గొలుసుతోపాటు పళ్ళచక్రాలు కూడ చెడి ఉంటాయి. పదహారవ వంతు 24 కీళ్ళకు పంచితే ఒక్కొక్క కీలుకు వచ్చేది మిల్లీమీటరులో వందకు ఏడు వంతులకు లోపే. దాదాపు ఒక తలవెంట్రుక మందం. ప్రతి కీలూ ఒక వెంట్రుకంత అరిగితే గొలుసు ఆయుర్దాయం తీరినట్లే. స్కేలు లేనివారు పెద్దచక్రం ముందువైపున గొలుసును వ్రేళ్ళతో ముందుకు లాగి చూడవచ్చు. అది పంటిని వదలి సగం పైకి లేస్తే అరిగిందనే తెలుసుకోవాలి.

ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతగాళ్ళ సహకార సంఘాన్ని స్థాపించారు. ఆ ఊరి వస్త్రాలను సైకిలు మీద మూటకట్టి పల్లెలు తిరిగి అమ్మే వర్తకుడొకాయన అప్పుడప్పుడు జొన్నగిరి వచ్చేవాడు. ఒకనాడు ఆయన గొలుసు జారుతున్నదని కొట్టుముందు ఆగాడు. మా నాయన కొలిచి చూసి, గొలుసు ఒక్కటే మారిస్తే ప్రయోజనం లేదు, ఫ్రీవీలూ పెద్దచక్రమూ కూడ మార్చాలన్నారు.

"ఏం సాయిబూ, చైను అడిగితే సైకిలంతా మార్చమంటావేమి?" అన్నాడాయన.

"నా మాట వద్దప్పా, స్కేలు చూడు" అన్నారు మా నాయన.

ఆయన స్కేలు చూశాడు, మా నాయన ముఖమూ చూశాడు. రెండింటినీ నమ్మక వెళ్ళిపోయాడు. మరొక చోట కొత్త గొలుసు మాత్రం వేయించుకున్నాడు. అరిగిన గొలుసుతో చాలాకాలం తిరిగిన పళ్ళు కొడవలి మొనలవలె ఒకవైపు వంగి ఉంటాయి. వాటి నడుమ సందు పాత గొలుసుకు సరిపోయేటట్లు మారి ఉంటుంది. కొత్త గొలుసు అర అంగుళపు కన్నులు ఆ పళ్ళలో కూర్చోవు. భారం పడినప్పుడు పళ్ళపైకి ఎక్కి జారుతాయి. రెండు నెలలు గడిచాయి. ఒక ఎదురెక్కుడులో మూట బరువుతో పెడలుపై నిలబడిన ఆయనకు గొలుసు జారి, కాలు నేలను తాకేలోపల సైకిలు ఒరిగింది. మోకాలు చిట్లింది. మూటలోని తెల్లబట్టలు బురదలో పడ్డాయి. ఆ సరుకు ఆయన సొంతం కాదు, అప్పు తెచ్చినది. కుంటుతూ మా కొట్టుకు వచ్చినప్పుడు మా నాయన పాతమాట ఎత్తలేదు. దెబ్బ ఎక్కువగా తగిలిందా అని మాత్రం అడిగి, మూడు భాగాలూ మార్చి, డబ్బు నాలుగు కంతులలో ఇమ్మన్నారు. ఆయన నాలుగు కంతులూ చెల్లించాడు. ఆ తరువాతనే మా నాయన స్కేలును పెట్టెలోనుండి తీసి, ఎవరైనా తామే కొలుచుకొనేటట్లు కొట్టు ముందరి చెక్కకు మేకులతో బిగించారు. కంటికి కనబడని అరుగుదల విషయంలో మాటకంటె కొలత న్యాయమైనదని, కొలత కొనేవానికీ అమ్మేవానికీ సమానమైన సాక్షి అని ఆయన గ్రహించారు.

కొత్త గొలుసు వేసేటప్పుడు పాతదానితో కన్నుల లెక్క సరిచూడాలిగాని పొడవును కాదు. పాతది అరిగి పొడవైనది గదా. కొనలు కలిపే క్లిప్పుకు ఒక వైపు మూసి, ఒకవైపు చీలి ఉంటుంది. చేప ఈదేటప్పుడు తల ముందు, తోక వెనుక ఉన్నట్లు, గొలుసు కదిలే దిక్కుకు మూసిన కొన ఉండాలి. తిరగేసి వేస్తే ఏదో ఒక కంపకో రాయికో తగిలి ఊడిపోవచ్చు. తరువాత వెనుక చక్రం నట్లు వదులుచేసి, చక్రాన్ని వెనుకకు లాగి, నడుమ భాగాన గొలుసు అర అంగుళం మేర పైకీ క్రిందికీ ఆడేటట్లు ఉంచి బిగించాలి. మరీ బిగిస్తే ఇరుసులు అరుగుతాయి, వదిలితే గొలుసు ఊడుతుంది. చక్రం రెండు చువ్వల నడుమ నిటారుగా ఉన్నదో లేదో చూసి ముగించాలి.

గొలుసు కదిలే దిక్కు అన్నప్పుడు మాకు ఎప్పుడూ ఒక సంగతి జ్ఞాపకం వస్తుంది. పైభాగాన గొలుసు వెనుకనుండి ముందుకు, క్రిందిభాగాన ముందునుండి వెనుకకు సాగుతుంది. భారమంతా పైవరుసది, క్రిందివరుస ఖాళీగా తిరిగివచ్చేది. కాని ఆ తిరిగివచ్చే వరుస లేకపోతే ముందుకు లాగే వరుసకు లింకులు ఎక్కడివి? మా జొన్నగిరికి సమీపంలోని ఎర్రగుడి కొండరాళ్ళపై అశోకుని శాసనాలు ఉన్నవి. అక్కడి చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, కొన్ని కుడినుండి ఎడమకు చెక్కబడి ఉన్నవి. మన సంచిక కూడ అటువంటిదే. ఉర్దూ భాగం ఒక అట్టనుండి, తెలుగు భాగం ఇంకొక అట్టనుండి బయలుదేరి నడుమ కలుస్తాయి. ఇవి రెండూ ఒకే పుస్తకమని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

మేము విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్న రోజులలో మా నాయన కొట్టు మూసివేశారు. మోటారు సైకిళ్ళు పెరిగి, అద్దె సైకిలు అడిగేవారు లేకపోయారు. ఇది ఒక్క జొన్నగిరి కథ కాదు. 1951లో సోనీపట్‌లో మొదలై దేశమంతా ప్రసిద్ధి పొందిన అట్లాస్ సైకిళ్ళ సంస్థవారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న నిలిచిపోయింది. ఆనాడు ప్రపంచ సైకిలు దినం కావడం విచిత్రం. అయితే సైకిలు అవసరం తీరిపోయిందని అనుకోవడం పొరపాటు. కొట్టు పోయింది, సైకిలు పోలేదు. బీహారులో 2006 నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం సొమ్ము ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు దాని ఫలితాలను పరిశీలించి 2017లో ప్రచురించారు. ఆ వయస్సు బాలికల ఉన్నత పాఠశాల చేరిక 32 శాతం పెరిగిందని, బాలబాలికల నడుమ అంతరం 40 శాతం తగ్గిందని, బడి మూడు కిలోమీటర్లకు పైగా దూరం ఉన్న ఊళ్ళలో మేలు ఎక్కువగా కనబడిందని వారు తేల్చారు. మన రాష్ట్రంలోనూ ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచారు.

సైకిలు ఇచ్చినవారు గొలుసును గురించి చెప్పలేదు. మా ఊరికి కొంత దూరంలోని పల్లెలో ఒక అమ్మాయికి అలా వచ్చిన సైకిలు ఒక వానాకాలం గడిచేసరికి తుప్పుపట్టిన గొలుసుతో పశువుల కొట్టంలో చేరింది. బాగుచేసే కొట్టు దగ్గరలో లేదు. తండ్రికి ఆటోకు రోజూ ఇచ్చే స్తోమత లేదు. పదవ తరగతి దాకా చదివింది చాలు, ఇక ఇంటిపట్టున ఉండనీ అనే మాట ఇంట్లో అప్పుడే మొదలయింది. బంధువుల పెండ్లికి ఆ పల్లె వెళ్ళిన మా నాయన కొట్టంలో సైకిలు చూసి, పెండ్లిబట్టలతోనే కూర్చున్నారట. తాను చేసి ఇవ్వలేదు. ఆ అమ్మాయి చేతనే గొలుసు విప్పించి, కడిగించి, చుక్క చుక్కగా నూనె వేయించి, తుడిపించారు. తరువాత స్కేలు పెట్టి చూపి, ఇంకా ఒక సంవత్సరం నడుస్తుంది బిడ్డా అన్నారు. ఆ అమ్మాయి అదే సైకిలుపై వెళ్ళి ఇంటరు పూర్తిచేసింది. ఆ పల్లెలో మరి నాలుగు సైకిళ్ళ గొలుసులు ఇప్పుడు ఆమె చేతిలోనే ఉన్నాయి. ఒక చదువు ఆగిపోవడానికీ సాగిపోవడానికీ నడుమ ఉన్నది పిడికెడు కిరసనాయిలు, ఒక పాత బ్రష్షు, చూపించే మనిషి.

విద్యార్థి మిత్రులారా, మన కళాశాల స్టాండులో ప్రతి ఉదయమూ సైకిళ్ళు నిలుస్తాయి. వాటిలో సగానికి పైగా గొలుసులు దూరంనుండే వినబడుతున్నవి. ప్రతి శనివారం తరగతులు ముగిసిన తరువాత అరగంట మేము స్టాండు వద్ద ఉంటాము. గోడకు ఒక స్కేలు బిగించడానికి ప్రిన్సిపాలుగారి అనుమతి తీసుకున్నాము. డబ్బా, బ్రష్షు, నూనెసీసా మేము తెస్తాము. గుడ్డపీలిక మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి.